చెరువు గట్టు మీద: మీ ఉత్తరాలు, నా జవాబులు

ముందు మా గట్టు సంగతి. టెక్కలి దగ్గర మా ఊరి చెరువు ఈ వారం కళింగకు, అంటే నిండిన నీరు పొర్లిపోయే దారికి, జానెడు కిందకు వచ్చి ఆగింది. ఉభాలు, అదే వరి నాట్లు, అయిపోయి నెల దాటింది, ఎగువ మళ్లలో వరి పొట్ట మీదుంది. తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) ఒకటీ అరా దిగుతున్నాయి. చిన్న చెరువుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగి రిటైరైనవాణ్ణి కదా, నాకొచ్చే ఉత్తరాలన్నీ నీళ్లూ మట్టీ మీదే. ఈసారి మూడు.

“బాబుగారూ, మా చెరువు కింద అరవై ఎకరాలు పారతాయి. వేసవిలో ఉపాధి పనుల్లో గుర్రపుడెక్క మొత్తం తీయించాం. వినాయక చవితికి మళ్లీ కప్పేసింది. కుర్రాళ్లు గడ్డి మందు కొట్టేద్దామంటున్నారు. చెరువులో చేపల వేలం పాడుకున్నాయనేమో తను పట్టుకునేదాకా ఎవరూ నీళ్లలో దిగొద్దంటున్నాడు. ఏం చెయ్యమంటారు?”
– ఒక వార్డు మెంబరు, సంతబొమ్మాళి మండలం

అమ్మా, మందు మాట ముందే చెప్పేస్తాను, వద్దు. పశువులు తాగే నీరది. పైగా చచ్చిన డెక్క ఎక్కడికీ పోదు, అడుక్కి దిగి కుళ్లుతుంది. నీళ్లలో గాలి తగ్గి చేపలు తేలిపోతాయి. అప్పుడు పాటదారుకీ మీకూ అసలు గొడవ మొదలవుతుంది.

ఒకటి అడుగుతాను. వేసవిలో తీసిన డెక్కని ఎక్కడ వేశారు? గట్టు లోపలి వాలు మీదే కుప్పలు పోసి ఉంటారు. నీరు నిండేసరికి ఆ కుప్పలు తడిసి, బతికున్న పిలకలు మళ్లీ తేలాయి. మంచి ఎండా, పొలాల నుంచి దిగే యూరియా నీళ్లూ తగిలితే డెక్క పదిహేను రోజుల్లో రెట్టింపవుతుంది. దాని గింజలు బురదలో పదిహేనేళ్ల పైన కూడా చావకుండా పడుంటాయి. అందుకే ఒక్కసారి తీసి చేతులు కడుక్కునే పని కాదిది. వరిలో కలుపు ఒక్కసారి తీసి ఊరుకుంటున్నామా? ఏటా ఊదారంగు పువ్వు కనపడకముందే తీయాలి, తీసింది గట్టు దాటించి అవతల వేయాలి. ఎండితే పేడతో కలిపి ఎరువు చేసుకోవచ్చు.

కానీ ఈ నెల చెరువంతా తీయాలని కూర్చోకండి. రెండు చోట్లు చాలు. పొలాలకు నీరు వదిలే మదుము (తూము) నోరు ఒకటి, కళింగ ఒకటి. ఎందుకంటే అక్టోబర్ వచ్చేస్తోంది. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న, ఈ మూడు తుఫాన్లూ తీరం దాటాయి. మా జిల్లాలో ఆ తేదీలంటేనే టెన్షన్.

తిత్లీ నాటికి నేను రిటైరై రెండేళ్లు. పదో తేదీ సాయంత్రం గట్టు మీద నడుస్తూ చూశాను, కళింగ ముందు డెక్క మంచమంత మందాన పేరుకుని ఉంది. రేపు నలుగుర్ని పిలిచి తీయిద్దాంలే అనుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆ రాత్రే గాలి. తెల్లారి వెళ్లేసరికి కొబ్బరిచెట్టొకటి కళింగకు అడ్డంగా పడుంది, చెరువులో డెక్కంతా కొట్టుకొచ్చి దాన్ని పట్టుకుంది. నీరు గట్టు పైకి రావడానికి నాలుగు వేళ్లు తక్కువ. నడుముకి తాడు కట్టుకుని ఆరుగురం దిగాం. డెక్క పైకి దూదిలా కనిపిస్తుంది గానీ తడిసిన పరుపులా బరువు. దాని వేళ్లు నల్లగా, చిక్కుపడ్డ జుట్టులా, కొడవలి వేసిన చేతికే చుట్టుకుంటాయి. మధ్యాహ్నానికి దారి తీశాం. ఈలోగా దక్షిణం వైపు గట్టు ఒకచోట కోసుకుపోయి, కింద పదెకరాల్లో ఇసుక మేట వేసింది. అందులో ఒక ఎకరం మా చెల్లెలిది. ఇప్పటికీ నేను ఏ పనైనా రేపు అన్నానంటే చాలు, “సరేలే అన్నయ్యా, రేపే” అని వంటింట్లోంచి ఒక మాట వేస్తుంది.

ఇక పాటదారు. ఆయనతో తగువు పడకండి, కళింగ దాకా వెంటబెట్టుకెళ్లండి. చేపలు దాటిపోకుండా అక్కడ తడికో వలో కట్టే ఉంటాడు, డెక్క పట్టుకునేది దానికే. దాన్ని ఆయన చేతే తీయించండి. వచ్చే పాటలో రెండు షరతులు రాయించండి: డెక్క తీత ఖర్చు పాట సొమ్ములోంచే పోవాలి, కళింగకు ఏదీ అడ్డం కట్టకూడదు. వందెకరాల లోపు ఆయకట్టున్న చెరువు పంచాయతీదే కాబట్టి ఆ కాగితం మీ చేతిలో పనే. పాట డబ్బంతా అమ్మవారి పండక్కే అనే పెద్దలుంటారు. ఉండనివ్వండి, పండగ ముందురోజు తొలేళ్ల నాడు ఘటాలు కడిగేది ఏ నీళ్లలోనో అడగండి.

“మా ఊరికి దగ్గర్లోని తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మా సారు చెప్పారు. తాతయ్య కాదంటున్నారు. ఎవరిది కరెక్టు?”
– ఎనిమిదో తరగతి విద్యార్థి, నౌపడ

తాతయ్యదే. అక్కడికొచ్చే గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ మన దేశపు పక్షులే. ఒక చిన్న లెక్క చూడు బాబూ. సైబీరియా బాతులు చలికి తట్టుకోలేక ఇక్కడికి తిండికొస్తాయి, గూడు కట్టేదీ పిల్లల్ని చేసేదీ తిరిగి వెళ్లాక అక్కడే. తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కనపడుతున్నాయా లేదా? పిల్లలకు చేపలు కక్కి పెడుతున్నాయా లేదా? మరి అవి పురిటికొచ్చిన ఆడపిల్లలు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో దిగేవి వేరు, అవి నత్తగొట్టు కొంగలు. తొలకరితో వస్తాయి, ముక్కు పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య సందుంటుంది, పొలాల్లో నత్తలు తింటాయి. సారుతో వాదన పెట్టుకోకు, ఒక ఆదివారం గూళ్లు చూపించు.

“వచ్చే వేసవిలో చెరువు మట్టి పొలానికి తోలుకుందామనుకుంటున్నాం. ఎంత లోతు తవ్వొచ్చు?”
– ఒక రైతు, గరివిడి

ఇసుక నేలకు ఒండ్రు బాగా పనికొస్తుంది, తోలుకోండి. ఒకేచోట గొయ్యి చేయకుండా పైపొర అంతటా సమానంగా తీయండి. మదుము గడప కన్నా లోతు తవ్వితే అక్కడ నిలిచే నీరు మీ మడికి పారదు, గేదెలకీ బావులకీ మాత్రమే. అది కావాలనుకుంటే తవ్వండి, సాగుకని మాత్రం తవ్వొద్దు. గట్టు మొదట్లో ఒక్క పార కూడా వేయకండి. పంచాయతీకి ముందే కాగితం పెట్టి, ట్రాక్టర్లు గట్టెక్కకుండా వేరే దారి చూసుకోండి.