పిల్లలున్న ఇల్లు, వచ్చే స్నేహితులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

దసరా సెలవుల తర్వాత వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే చాలావాటిలో ఒకటే సంగతి. ఇంట్లో చిన్నపిల్లలు, ఇంటికొచ్చే స్నేహితులు, మధ్యలో నలిగిపోయే అమ్మ. కొన్నిట్లో నాన్న కూడా. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాకు నాలుగేళ్ళ పాప, పది నెలల బాబు. మా ఆయన ఇంజనీరింగ్ స్నేహితులు ముగ్గురు కుటుంబాలతో సహా ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటికే వస్తారు, మా ఫ్లాట్ కాస్త పెద్దదని. మంచివాళ్ళే, వదినా వదినా అంటూ నన్ను బాగా చూస్తారు. కానీ ఏడింటికి వచ్చినవాళ్ళు పదకొండు దాకా కదలరు. పాప పడుకోదు, బాబు నవ్వులకి ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడు. సోమవారం పొద్దున ఏడున్నరకి స్కూల్ బస్సు దగ్గర పాప ఏడుపు చూడలేకపోతున్నాను. మా ఆయనతో అంటే "ఇంటికొచ్చినవాళ్ళని ఎలా పొమ్మంటాం" అంటారు. నాకు శనివారం రాత్రి నుంచే టెన్షన్ మొదలవుతోంది. నేనే తప్పుగా ఆలోచిస్తున్నానా? (ఒక పాఠకురాలు, మియాపూర్)

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. ముందు మీ పాప నిద్ర లెక్క చూద్దాం. ఐదేళ్ళలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీ బాబు వయసువాళ్ళకి, అంటే నాలుగు నుంచి పదకొండు నెలల లోపు వాళ్ళకి, 12 నుంచి 16 గంటలు. పాప పదకొండున్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తే ఏడు గంటలే అయింది. బస్సు దగ్గర ఆ ఏడుపు మొండితనం కాదు, నిద్ర చాలక. ఈ లెక్క కాగితం మీద రాసి మీ ఆయనకి చూపించండి. "నాకు కష్టంగా ఉంది" అంటే సర్దుకోమంటారేమో గానీ, పాపకి మూడు గంటలు తక్కువవుతోంది అంటే ఏ తండ్రైనా ఆగి వింటాడు.

ఇక వాళ్ళని రావద్దనాల్సిన పనేమీ లేదు. వేళ మారిస్తే చాలు. ఆదివారం పొద్దున పదింటికి పెసరట్టు ఉప్మాకి పిలవండి. పొద్దున పూట పిల్లలు హుషారుగా ఉంటారు, కాసేపు కింద పార్కులో పరిగెత్తిస్తే అలిసిపోతారు, ఒంటిగంటకి భోజనాలు అయ్యేసరికి మీ బాబు పడుకునే వేళ అవుతుంది, వచ్చినవాళ్ళ పిల్లలు కూడా నిద్రకి తూలుతుంటారు, ఎవరూ చెప్పకుండానే అందరూ లేస్తారు. వాళ్ళకీ చిన్నపిల్లలుంటే సోమవారం పొద్దున వాళ్ళింట్లోనూ ఇదే అవస్థ అయి ఉంటుంది. ముందుగా ఎవరూ అనలేదు, అంతే.

అయితే ఆ మాట మీరు కాదు, మీ ఆయన చెప్పాలి. ఇది నేను గట్టిగానే చెప్తాను. మీరు చెప్తే "వదినకి మనం రావడం ఇష్టం లేదు" అని మనసులో పడిపోతుంది, ఇక ఎన్నేళ్ళయినా పోదు. అదే ఆయన "రేయ్, పిల్లలు ఎనిమిదిన్నరకల్లా పడుకోవాలిరా, ఇక నుంచి పొద్దున కలుద్దాం" అంటే "సరేరా" అంటారు, అయిపోతుంది. ఎప్పుడైనా సాయంత్రమే కలవాల్సి వస్తే ఎనిమిదింటికి పిల్లల్ని గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టే పని ఆయనది. వాళ్ళు ఆయన స్నేహితులు, పిల్లలు ఇద్దరికీ పిల్లలు. వంట కూడా ప్రతిసారీ మీరొక్కరే నెత్తినేసుకోకండి, పులిహోర ఒకళ్ళు, పెరుగన్నం ఒకళ్ళు తెస్తారు, అడిగితే సంతోషంగా తెస్తారు.

నేనెందుకు ఇంత పట్టుగా చెప్తున్నానంటే, మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు గుంటూరులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఎప్పుడూ జనమే. మా పెద్దవాడు మూడేళ్ళవాడు, అందరి మధ్యా చాప మీద కూర్చుని కూర్చునే నిద్రపోయేవాడు, చేతిలో సగం కొరికిన జంతిక అలాగే ఉండేది. లేపి లోపలికి తీసుకెళ్దామంటే "వాడికేంలే అమ్మాయ్, పడుకున్నాడుగా, ఇంకో టీ పెట్టు" అనేవారు. వాడి తలకి గోడ తగలకుండా ఒక తువ్వాలు మడిచి పెట్టి నేను వెళ్ళి టీ పెట్టేదాన్ని. ఆ టీ పెట్టకుండా వాడిని ఎత్తుకుని లోపలికి వెళ్ళాల్సింది. ఇన్నేళ్ళయినా ఆ చాప, ఆ జంతిక కళ్ళ ముందు నుంచి పోవు.

ప్రశ్న: అమ్మా, మాకు మూడున్నర నెలల పాప. చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు, అందరూ ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెడతారు. పోయినవారం మా నాన్నగారి స్నేహితుడొకాయన "మాట తియ్యగా వస్తుంది" అంటూ వేలితో తేనె నాకించబోయారు. మా ఆవిడ గట్టిగా వద్దంది. ఆయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు నాన్నగారు మా ఆవిడతో మాట్లాడటం లేదు. (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీ ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని నాయనా. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో ఒక్కోసారి ఒకరకం బాక్టీరియా బీజాలుంటాయి. పెద్దవాళ్ళ పేగుల్లో అవి ఏమీ చేయలేవు గానీ, పసివాళ్ళ పేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. డాక్టర్లు దీన్ని బొట్యులిజం అంటారు. మలబద్ధకం వస్తుంది, మెడ నిలపలేరు, పాలు పీల్చలేరు, ఏడుపు కూడా సన్నబడిపోతుంది, ముదిరితే ఊపిరికే కష్టం. అరుదుగా వచ్చేదే, కానీ వస్తే మామూలు జబ్బు కాదు. చెట్టు మీంచి తీసిన అసలు తేనె అన్నా, కాచి చల్లార్చాం అన్నా ఒప్పుకోకండి, మామూలుగా కాస్తే ఆ బీజాలు చావవు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. డాక్టర్ రాసిన చుక్కలమందులు వేరే సంగతి.

ముద్దుల విషయమూ అంతే. పెదవి మీద నీటిపొక్కులున్న మనిషి ముద్దు పెడితే ఆ వైరస్ పసిబిడ్డకి చాలా ప్రమాదం, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళని బాగయ్యాకే రమ్మనండి. వచ్చినవాళ్ళందరికీ గుమ్మంలోనే "సబ్బుతో చేతులు కడుక్కుని రండి, పాపని ఇస్తాను" అని నవ్వుతూ చెప్పండి. ఇంట్లో వాళ్ళు కూడా అదే పని చేస్తుంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఒక్కమాట. ఆ రోజు నోరు విప్పాల్సింది మీరు. మీరు మాట్లాడకపోబట్టే ఆ పచ్చి బాలింత మాట్లాడాల్సి వచ్చింది. ఇప్పుడు చేయాల్సిందల్లా, నాలుగు పళ్ళు తీసుకుని నాన్నగారిని వెంటబెట్టుకుని ఆయనింటికి వెళ్ళండి. "బాబాయ్‌గారూ, ఏడాది నిండేదాకా తేనె వద్దని డాక్టర్లు చెప్తున్నారండీ, మీకు ముందే చెప్పకపోవడం నా పొరపాటు, పాప మొదటి పుట్టినరోజు దాటాక మీ చేత్తోనే పెట్టించుకుంటుంది" అనండి. నాన్నగారు అక్కడే వింటారు కాబట్టి ఇంటికొచ్చాక మీరు మళ్ళీ ఏమీ వివరించక్కర్లేదు.

ప్రశ్న: మా మూడేళ్ళ వాడు స్నేహితురాలి కూతురి చేతిలోంచి తన బొమ్మ లాక్కున్నాడు. ఆవిడ "పంచుకోవడం నేర్పలేదా" అంది. వాడిని అందరి ముందూ కొట్టాను, రాత్రంతా నాకు నిద్ర లేదు. (విజయవాడ)

జవాబు: కొట్టినందుకు వాడిని దగ్గరికి తీసుకుని "అమ్మ అలా కొట్టకూడదు కన్నా" అని చెప్పండి, మూడేళ్ళవాడికి అర్థమవుతుంది. ఆ వయసులో "నాది" అన్నది ఇంకా గట్టిగానే ఉంటుంది, పంచుకోవడం మెల్లగా వస్తుంది. ఎవరైనా వస్తున్నారంటే ముందే వాడితో కలిసి కూర్చుని వాడికి బాగా ఇష్టమైన రెండు మూడు బొమ్మలు బీరువాలో దాచేయండి, ఏవి దాచాలో వాడినే ఎంచుకోనివ్వండి. మిగతావి అందరివీ. బ్లాకులు, రంగు పెన్సిళ్ళు, స్టీలు గిన్నెలు గరిటెలు లాంటివి ముందు పెడితే ఎవరి చేతికి వాళ్ళకి దొరుకుతాయి కాబట్టి గొడవ తక్కువ.

ప్రశ్న: మా అత్తగారి స్నేహితురాళ్ళు వస్తే నాలుగేళ్ళ పాపని రైమ్ చెప్పమంటారు, ఒళ్ళో కూర్చోమంటారు. అది నా వెనక దాక్కుంటుంది. "సిగ్గెక్కువ, ఎలా బతుకుతుందో" అంటారు. (వరంగల్)

జవాబు: దాక్కోనివ్వండి. పాప వింటుండగా ఆ మాట అంటే మాత్రం ఊరుకోకండి, "అలవాటయ్యాక తనే వస్తుందండీ" అని వెంటనే అనండి, పాపకి వినపడేలా. దండం పెట్టడం నేర్పండి, చాలు. ఒళ్ళో కూర్చోవడం, ముద్దివ్వడం దాని ఇష్టం, బలవంతం చేయొద్దు. ఇష్టం లేకపోతే పెద్దవాళ్ళకైనా వద్దు అనొచ్చని ఇంట్లోనే తెలియాలి, రేపు బయట దానికి ఇదే కాపుదల.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో ప్రతి వీకెండ్ ఎవరో ఒకరింట్లో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడం) ఉంటుంది. పెద్దవాళ్ళం కింద కబుర్లు, పిల్లలందరూ పైన గేమ్ రూమ్‌లో టీవీ ముందు. రెండేళ్ళ వాళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ దాకా ఒకే గదిలో. మా వాడికి రెండున్నర. నాకు కబుర్ల మీద ధ్యాస ఉండదు, పైకీ కిందకీ తిరుగుతుంటాను, అందరూ నవ్వుతారు. (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: నవ్వనివ్వండమ్మా, తిరగండి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి టీవీ, ఫోను అన్నీ కలిపి రోజుకి గంట మించకూడదనీ, ఇంకా తక్కువైతే ఇంకా మంచిదనీ ఆ 2019 సూచనల్లోనే ఉంది. పాట్‌లక్ అంటే నాలుగైదు గంటలు. పైగా పన్నెండేళ్ళ వాళ్ళకి నచ్చే సినిమా రెండున్నరేళ్ళవాడు చూసి రాత్రి కలవరిస్తాడు.

వాట్సాప్ గ్రూపులో మీరే మొదలుపెట్టండి: ఇక నుంచి అరగంటకి ఒకరు చొప్పున పైన ఉందాం, అమ్మలూ నాన్నలూ అందరూ. ఎనిమిది మంది పెద్దవాళ్ళుంటే నాలుగు గంటలు గడిచిపోతాయి, ఒక్కొక్కరికీ పోయేది అరగంటే. మీ వంతు వచ్చినప్పుడు టీవీ ఆపేసి అష్టాచెమ్మా వేయండి, దాగుడుమూతలు ఆడించండి. అక్కడ పుట్టిన పిల్లలకి నాలుగు తెలుగు మాటలు అలాగే వస్తాయి. చిన్నవాళ్ళు ఉన్న గదిలో గుండీ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్న బొమ్మలు లేకుండా చూడండి, అవి మింగితే గంటల్లోనే లోపల పుండు పడుతుంది.

ప్రశ్న: అక్కా, మా బాబుకి ఏడాదిన్నర. నా స్నేహితురాలి పిల్లలు పెద్దవాళ్ళైపోయారు, వాళ్ళింటికి వెళ్తే అన్నీ చేతికి అందేలా ఉంటాయి. నేను వాడి వెనకే తిరుగుతుంటే మా అత్తగారు "అతి జాగ్రత్త" అంటారు. (నెల్లూరు)

జవాబు: మా రెండోవాడికి రెండేళ్ళప్పుడు జరిగింది చెప్తాను. స్నేహితురాలు వాళ్ళ అమ్మగారిని తీసుకుని మా ఇంటికొచ్చింది. పెద్దావిడ హ్యాండ్‌బ్యాగ్ సోఫా పక్కన కింద పెట్టారు. మేం వంటింట్లోకి వెళ్ళి వచ్చేలోపు వీడు జిప్పు లాగి బీపీ మాత్రల షీటు తీశాడు. నేను చూసేసరికి షీటులో రెండు గూళ్ళు ఖాళీ. ఒక మాత్ర తడిసి వాడి అరచేతికి అతుక్కుని ఉంది, రెండోది కనపడలేదు. మాత్రల షీటు చేత్తో పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. దారిలో వాడు నవ్వుతూనే ఉన్నాడు, నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. రాత్రంతా అక్కడే ఉంచి నాడి, బీపీ చూశారు, ఏమీ కాలేదు. రెండో మాత్ర మర్నాడు సోఫా కింద దొరికింది. తప్పు ఆ పెద్దావిడది కాదు, ఆవిడకి మా ఇంట్లో పిల్లాడు ఎంత దూరం చేయి చాపగలడో తెలియదు. చెప్పాల్సింది నేను.

కాబట్టి మీది అతి కాదు. మీ ఇంటికి ఎవరొచ్చినా బ్యాగులు తీసుకుని బీరువా మీద పెట్టేయండి. మీరు వాళ్ళింటికి వెళ్తే ముందు బాత్రూమ్ చూడండి. బకెట్లో నాలుగు అంగుళాల నీళ్ళున్నా ఏడాదిన్నర పిల్లాడు తలకిందులుగా పడితే లేవలేడు. గోడకి పెట్టిన దోమలమందు రీఫిల్ తీయించండి. వేడి టీ ట్రే కింద పెట్టనివ్వకండి. ప్లేట్లో పల్లీలు పెడితే వాడి చేతికి ఇవ్వొద్దు, ఐదేళ్ళలోపు పిల్లలకి గుండు పల్లీలు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. ద్రాక్షపళ్ళు నిలువుగా చీల్చి పెట్టండి. ఏదైనా మింగాడని అనుమానం వస్తే కక్కించడానికి వేళ్ళు పెట్టకండి, ఉప్పునీళ్ళు పట్టకండి, మింగింది ఏదో ఆ సీసానో షీటునో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఇవన్నీ అక్కడికి వెళ్ళాక వాళ్ళ ముందు చేయడం ఇబ్బందిగా ఉంటే ఇంట్లో బయల్దేరేముందే ఫోన్ చేసి "మా వాడొస్తున్నాడే, బాత్రూమ్‌లో బకెట్లు బోర్లించి తలుపు వేసి పెట్టు" అని చెప్పేయండి. మీ స్నేహితురాలేగా, చేసి పెడుతుంది.