ఆటలమ్మ వచ్చిన పాపకి రాత్రిళ్లు దురద తగ్గాలంటే

మూడేళ్ల పాప పొక్కులు గోక్కుంటూ రాత్రంతా ఏడుస్తోందని రాశారు. టెన్షన్ పడకండి, మొదటి నాలుగైదు రోజులే ఇంత కష్టం. ముందు గోళ్లు పొట్టిగా కత్తిరించండి. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లతో 10 నిమిషాలు స్నానం చేయించి, తువ్వాలుతో రుద్దకుండా మెల్లగా అద్దండి. తర్వాత దూదితో కాలమైన్ లోషన్ రాయండి, కళ్ల దగ్గర మాత్రం వద్దు. మా వాడికి అది ఆరేదాకా అట్టముక్కతో విసురుతుంటే అలాగే నిద్రలోకి జారుకునేవాడు. వదులైన నూలు బట్టలే వేయండి, చెమట పడితే దురద ఇంకా ఎక్కువవుతుంది.

జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ అస్సలు ఇవ్వకండి, పిల్లల్లో అది కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. ఆయాసం, మగత కనిపించినా, పొక్కు చుట్టూ ఎర్రగా వాచినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా గర్భిణులను పాప దగ్గరికి రానివ్వకండి.