టెక్ సందేహాలు: పోర్టు ఒకటే, పనులు వేరు

ఇంజినీరింగ్ కాలేజీలు తెరిచే రోజులొస్తే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. కొనేదాకా అందరూ ప్రాసెసర్, ర్యామ్ అంటూ ఆరా తీస్తారు. పెట్టె విప్పి బల్ల మీద పెట్టాక మొదలయ్యే సందేహాలు మాత్రం ల్యాప్‌టాప్ అంచుల్లో ఉండే పోర్టుల, అంటే తీగలు తగిలించే రంధ్రాల చుట్టూనే తిరుగుతాయి. ఇదెందుకు, అది దేనికి, ఇందులో ఇది ఎందుకు దూరదు? ఈ వారం ఆ అంచుల సంగతే చూద్దాం.

మా అమ్మాయికి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. ఎడమవైపు రెండు టైప్-సి పోర్టులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో చార్జర్ పెడితే చార్జింగ్ ఎక్కుతోంది, రెండోదానిలో ఎక్కడం లేదు. షాపులో అడిగితే ‘అది అంతేనండీ’ అన్నారు. పాడైన సరుకు అంటగట్టారా? – ఒక తండ్రి, ఖమ్మం

లేదండీ, సరుకు మంచిదే అయి ఉంటుంది. షాపు అబ్బాయి చెప్పింది నిజమే, ఎందుకు ‘అంతే’నో చెప్పే ఓపిక లేకపోయింది.

టైప్-సి అన్నది ఆకారానికి పేరు. అది ఏం చేయగలదో ఆ పేరులో లేదు. మన ఇళ్లలో ఒకే రకం కుళాయిలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో మున్సిపాలిటీ నీళ్లు, మరోదానిలో బోరు నీళ్లు. కుళాయిని చూసి ఏ నీళ్లో చెప్పలేం, గొట్టం ఎక్కడికి పోతుందో తెలియాలి. టైప్-సి కూడా అలాంటిదే. 2014లో వచ్చిన ఈ పోర్టులో 24 పిన్నులున్నాయి. వాటి ద్వారా ఫైళ్లు పంపవచ్చు, మానిటర్‌కు బొమ్మ పంపవచ్చు, కరెంటు తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏవేవి ఇవ్వాలన్నది తయారీదారు నిర్ణయం. మీ రెండో పోర్టుకు ఫైళ్ల పని మాత్రమే అప్పగించి ఉంటారు.

తేల్చుకోవడానికి టార్చి వేసి పోర్టు పక్కన ముద్రించిన చిన్న గుర్తు చూడండి. త్రిశూలంలాంటి బొమ్మ ఒక్కటే ఉంటే అది ఫైళ్ల దారి. దాని పక్కన రెండు ‘ఎస్’ అక్షరాలు, ఆపైన 5, 10, 20 లాంటి అంకె ఉంటే ఆ వేగం సెకనుకు అన్ని గిగాబిట్లు. ‘డి’ అక్షరం కడుపులో ‘పి’ ఇమిడినట్టున్న గుర్తు ఉంటే మానిటర్ తగిలించవచ్చు. ప్లగ్గు బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉంటే చాలా కంపెనీల లెక్కలో అది చార్జింగ్ పోర్టు. బాణం మొనతో ముగిసే మెరుపు గుర్తు ఉంటే అది థండర్‌బోల్ట్ అనే రకం పోర్టు. దానిలో మామూలుగా ఈ పనులన్నీ జరుగుతాయి, వేగమూ ఎక్కువ. అయితే పాతకాలపు దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ పోర్టు పక్కన కనిపించే మెరుపుకు అర్థం వేరు. ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నా అక్కడ ఫోను చార్జ్ చేసుకోవచ్చని కొన్ని కంపెనీలు ఆ గుర్తు వేస్తాయి. ఒకే మెరుపుకు రెండు అర్థాలు పెట్టిన మహానుభావులు ఎవరో గానీ, నాకు ఉత్తరాల కొరత లేకుండా చేశారు.

ఏ గుర్తూ లేకపోతే? దురదృష్టవశాత్తు అలాంటి యంత్రాలూ ఉన్నాయి. అప్పుడు అడుగున అంటించిన చీటీలోని మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో మాన్యువల్ వెతకాలి. పోర్టులన్నీ మొదటి పేజీల్లోనే బొమ్మతో సహా ఉంటాయి.

అక్కడ మీకు ‘యూఎస్‌బీ 3.0’, ‘3.1 జెన్ 1’, ‘3.2 జెన్ 1’ అనే పేర్లు ఎదురైతే బెంబేలెత్తకండి. మూడూ ఒకటే, వేగం 5 గిగాబిట్లే. 2008లో పుట్టిన బిడ్డకు రెండుసార్లు పేరు మార్చారు, అంతే.

ఇంకొక్క మాట. పోర్టు సరైనదైనా కేబుల్ మోసం చేయవచ్చు. ఫోనుతో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలా వాటిలో ఫైళ్ల వేగం 480 మెగాబిట్లే, అంటే 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగం. వాటితో మానిటర్ పనిచేయదు. చార్జింగ్‌కు కూడా మామూలు కేబుల్ 60 వాట్లకు మించి మోయదు. 100 వాట్ల చార్జర్‌కు దాన్ని తగిలించి, చార్జింగ్ నత్తనడక నడుస్తోందని చార్జర్‌ను తిట్టేవాళ్లను చూశాను. అంతకుమించి మోసే కేబుళ్లలో తమ సామర్థ్యాన్ని చార్జర్‌కు చెప్పే చిన్న చిప్ ఉంటుంది. 100 వాట్లో, 240 వాట్లో అట్ట మీద రాసి ఉన్నది చూసి కొనండి.

మా ఉన్నత పాఠశాలలో పాత ప్రొజెక్టర్ ఉంది. దాని కేబుల్‌కు నీలం రంగు తల, రెండు పక్కలా మరలు. నా కొత్త ల్యాప్‌టాప్‌లో అది దూరే చోటే లేదు, హెచ్‌డీఎమ్‌ఐ ఒక్కటే ఉంది. 150 రూపాయలు పెట్టి ఒక కేబుల్ కొంటే బొమ్మ రాలేదు. – ఒక ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

టీచర్ గారూ, ఆ నీలం తల పేరు వీజీఏ. 1987లో ఐబీఎమ్ కంప్యూటర్లతో వచ్చింది, 15 పిన్నులు. బడుల్లో, పంచాయతీ హాళ్లలో, కల్యాణ మండపాల్లో ఇంకా దాని రాజ్యమే నడుస్తోంది. చిక్కెక్కడంటే, వీజీఏ బొమ్మను హెచ్చుతగ్గుల విద్యుత్ సంకేతంగా పంపుతుంది. హెచ్‌డీఎమ్‌ఐ అంకెల రూపంలో పంపుతుంది. ఇద్దరి భాషలూ వేరు కాబట్టి మధ్యలో దుబాసీ ఉండాలి. మీరు కొన్నది ఒక కొనన హెచ్‌డీఎమ్‌ఐ, మరో కొనన వీజీఏ అతికించిన ఉత్త తీగ అయి ఉంటుంది. అందులో దుబాసీ లేడు.

మీకు కావలసింది లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్. కొనేటప్పుడు దిశ తప్పకండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చేది చూడటానికి కవలపిల్లలా ఉంటుంది గానీ ఇటు పనిచేయదు. వీజీఏలో శబ్దం వెళ్లదు కాబట్టి పాఠానికి వీడియో చూపాలంటే పక్కన 3.5 మిల్లీమీటర్ల ఆడియో రంధ్రం ఉన్న కన్వర్టర్ తీసుకుని దానికి స్పీకర్లు కలపండి. తగిలించాక విండోస్ కీ పట్టుకుని ‘పి’ నొక్కితే తెర మీద నాలుగు ఎంపికలు వస్తాయి, రెండోది ఎంచుకోండి. మీ తెరే పిల్లలకూ కనిపిస్తుంది.

వైర్‌లెస్ మౌస్ బాగానే ఉండేది. బ్యాకప్ కోసం హార్డ్ డిస్క్ తగిలించినప్పుడల్లా బాణం గుర్తు తడబడుతోంది, ఆగి ఆగి కదులుతోంది. వైరస్సా? – ఒక పాఠకుడు, విజయనగరం

వైరస్ కాదు, ఇరుగుపొరుగు గొడవ. మీ ప్రశ్న చదవగానే కుర్చీలో ముందుకు జరిగాను, ఇంత అందమైన సమస్య అరుదుగా వస్తుంది.

మీ హార్డ్ డిస్క్‌లాంటి యూఎస్‌బీ 3.0 పరికరం పనిచేస్తున్నప్పుడు దాని తల నుంచి, కేబుల్ నుంచి కొంత రేడియో రొద బయటికి వస్తుంది. అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ పరిసరాల్లోనూ పడుతుంది. మీ మౌస్ తన రిసీవర్‌తో, అంటే పోర్టులో పెట్టే బుల్లి ముక్కతో, మాట్లాడుకునేది కూడా అక్కడే. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీన్ని కొలిచి ఒక పత్రం వెలువరించింది. మీ రిసీవర్, హార్డ్ డిస్క్ పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయని పందెం కాస్తాను. మైకు సెట్టు పక్కన నిలబడి గుసగుసలు వినాలంటే ఎలా కుదురుతుంది?

రిసీవర్‌ను ల్యాప్‌టాప్ రెండో వైపుకు మార్చండి. అటువైపు పోర్టు లేకపోతే జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి దూరంగా జరపండి. లోపలి నాలుక నీలంగా ఉన్న పోర్టును హార్డ్ డిస్క్‌కు వదిలి, నల్ల నాలుక పోర్టును మౌస్‌కు ఇవ్వడం మంచి అలవాటు. నీలం అంటే యూఎస్‌బీ 3.0, మౌస్‌కు ఆ వేగం అక్కరలేదు. రంగును పూర్తిగా నమ్మవద్దు గానీ. అది సంప్రదాయమే తప్ప తప్పనిసరి కాదు, అందం కోసం అన్నీ నల్లగా చేసే కంపెనీలు ఉన్నాయి.

లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్. చార్జర్ పెట్టి వాడుతుంటే మణికట్టు దగ్గర జివ్వుమంటోంది. చార్జర్ తీసేస్తే ఏమీ లేదు. ప్రమాదమా? – ఒక విద్యార్థిని, గుంటూరు

చార్జర్ లోపల విద్యుత్ రొదను వడకట్టడానికి పెట్టిన కెపాసిటర్ల గుండా అతి స్వల్పమైన కరెంటు బాడీ దాకా వస్తుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి దిగిపోతుంది. లేకపోతే మీ చేతి గుండా దారి వెతుక్కుంటుంది. చెప్పులు లేకుండా నేల మీద కాళ్లు ఆనించినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. సన్నగా జివ్వుమనడం వరకైతే కంగారు పడనక్కరలేదు. చురుక్కున కొట్టినా, చార్జర్ వైరు ఎక్కడైనా చిట్లినా మాత్రం వెంటనే ఆపేయాలి.

ముందు మీ ప్లగ్గు చూడండి. చార్జర్‌కు మూడు పిన్నులుంటే పైన ఉన్న పొడవాటి, లావు పిన్నే ఎర్త్. రెండు రంధ్రాల ఎక్స్‌టెన్షన్ పెట్టెలో దూరడానికి దాన్ని విరగ్గొట్టేవాళ్లు, కన్వర్టర్ తగిలించేవాళ్లు హాస్టల్ గదుల్లో కోకొల్లలు. ఆ పని చేసి ఉంటే సమస్య అక్కడే దొరికింది. ప్లగ్గు సరిగ్గానే ఉంటే గోడలోని బోర్డుకు ఎర్త్ వైరు కలిపారో లేదో అనుమానించాలి. అది ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపుతో నిమిషంలో తేల్చే విషయం, మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

చిన్న చిన్నవి

తాళం బొమ్మ పక్కన గింజంత చీలిక ఎందుకని భీమవరం నుంచి అడిగారు. ఉక్కు తీగతో ల్యాప్‌టాప్‌ను బల్లకు కట్టేసే తాళం కోసం. కెన్సింగ్టన్ స్లాట్ అంటారు, మామూలుగా 3 మిల్లీమీటర్ల వెడల్పు, 7 మిల్లీమీటర్ల పొడవు. పలుచటి ల్యాప్‌టాప్‌లలో ఇంకా చిన్నవి వస్తున్నాయి, కొలత చూసి తాళం కొనండి.

ఇంటర్నెట్ కేబుల్ సగమే దూరుతోందన్న నల్గొండ పాఠకుడికి: పోర్టు కింది దవడ కిందికి వంగుతుంది. వేలితో మెల్లగా కిందికి లాగి, అప్పుడు పెట్టండి. విరిగిపోతుందని భయపడకండి, కీలు ఉన్నదే అందుకు.

హెడ్‌ఫోన్‌లో వినిపిస్తోంది గానీ అవతలివాళ్లకు తన మాట వినబడటం లేదన్న డల్లాస్ పాఠకురాలికి: పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి. మూడుంటే మైకు ఉన్నట్టు, రెండే ఉంటే అది వినడానికి మాత్రమే.

తెర పైన కెమెరా పక్కనున్న సూదిమొనంత రంధ్రం రీసెట్ బటనా అని అడిగిన పాఠకుడికి: కాదు, మైకు. ఏమీ గుచ్చవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఏడేళ్ల కిందట నేను సిమ్ పిన్నుతో ఆ పని చేశాను. ఆ ల్యాప్‌టాప్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, మీటింగుల్లో విడిగా మైకు తగిలించుకుని మాట్లాడుతున్నాను.