గుహలో వింగ్ ఖాళీ అయితే? ముందు మీ బరువు చూసుకోండి

వెట్‌సూట్‌తో (నీళ్లు లోపలికి వచ్చే మెత్తటి రబ్బరు సూట్) నీటి గుహల్లో డైవ్ చేసేవాళ్లకి వింగ్, అంటే తేలడానికి వీపు మీద గాలి నింపుకునే సంచి, పాడైతే బ్యాకప్‌గా ఏది మంచిది, వింగ్‌లో రెండో బ్లాడరా (గాలి తిత్తి), నీళ్లు రానివ్వకుండా గాలి నింపుకోగల డ్రైసూటా, చేత్తో పట్టుకుని గాలి నింపే లిఫ్ట్ బ్యాగా అని అడిగారు. ఒక్కటే చెప్పమంటే డ్రైసూట్ అంటాను. కానీ నా వింగ్ పాడైన రోజు నా దగ్గర ఆ మూడూ లేవు.

ఆ రోజు నా వీపు మీద 12 లీటర్ల స్టీల్ సిలిండర్లు రెండు, ఒంటి మీద మందపాటి వెట్‌సూట్. అవి చాలవన్నట్టు సిలిండర్ల మధ్య 3 కిలోల సీసం బిగించి ఉంది. అద్దెకు తెచ్చుకున్న సామాను, అందులోనే వచ్చింది. ఎందుకని నేనూ అడగలేదు.

22 మీటర్ల లోతులో, పైకప్పు బాగా దిగిన చోట దూరుతుంటే వింగ్ రాతికి రాసుకుంది. భుజం వెనకాల గలగలమని బుడగలు. ఇన్‌ఫ్లేటర్ గొట్టం, అంటే గాలి నింపేది, బ్లాడర్‌కి కలిసేచోట బిగింపు ఊడిపోయింది. మీట నొక్కినకొద్దీ గాలి అటు నుంచి అటే పోతోంది. మోకాళ్లు నేలకి తగిలాయి, మట్టి లేచింది, చెయ్యి కూడా కనపడలేదు. బయటికి దారి చూపే తాడు, గైడ్‌లైన్, మాత్రం వేళ్ల మధ్యే ఉంది.

వెనకున్న నా తోటి డైవర్, మట్టి లేవకముందే బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూశాడు. నా మెడ మీద చెయ్యి వేసి తల కిందికి నొక్కాడు. మొదట అర్థం కాలేదు. తల దిగి నడుము లేచేసరికి చిల్లు కిందికి వెళ్లిపోయింది. తర్వాత నొక్కిన గాలి నడుము వైపు నిలిచింది. పూర్తిగా తేలలేదు కానీ నేలని వదలగలిగాను. అలా తల వంచుకునే, రాళ్లు పట్టుకుని లాక్కుంటూ వెనక్కి వచ్చాం. 15 నిమిషాల్లో వెళ్లిన దారి, తిరిగి రావడానికి 25 నిమిషాలు పట్టింది. వెళ్లడానికి మూడో వంతు గాలికి మించి వాడకూడదన్న నియమం ఎందుకు పెట్టారో ఆ రోజు నాకు తెలిసింది.

తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో అదే సామానుతో చూసుకున్నాను. సీసం తీసేసి, సిలిండర్లలో 50 బార్ ఒత్తిడి మిగిల్చి, వింగ్ పూర్తిగా ఖాళీ చేసినా, పైకి తేలిపోకుండా 3 మీటర్ల దగ్గర ఆగాను. ఆ సీసం నాకు అసలు అక్కర్లేదు! కొత్తవాళ్లు త్వరగా మునగాలని ఇంకో రెండు కిలోలు తగిలించే శిక్షకుల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ అలవాటు గుహదాకా వస్తుంది.

లెక్క చూడండి. ఆ రెండు సిలిండర్లు 200 బార్‌కి నింపితే లోపలి గాలే దాదాపు 6 కిలోలు. లోతుకి వెళ్తే వెట్‌సూట్ నలిగి ఇంకొన్ని కిలోల తేలే శక్తి పోతుంది. వింగ్ మోయాల్సింది ఈ రెండే. దాని మీద అనవసరపు సీసం వేస్తే ఏ బ్యాకప్ అయినా ఆ సీసాన్నే మోస్తుంది. మెక్సికోలోని యుకటాన్ సెనోటేల్లో (నీళ్లు నిండిన సున్నపురాతి గుహలు) అయితే ఇంకోటి, అడుగున ఉప్పునీరు, పైన మంచినీరు. మనిషి, సామాను కలిపి 120 లీటర్ల చోటు తీసుకుంటే, ఉప్పునీటి నుంచి మంచినీటిలోకి రాగానే దాదాపు 3 కిలోలు బరువెక్కినట్టే.

రెండో బ్లాడర్ నాకు నచ్చదు. దాని ఇన్‌ఫ్లేటర్ మెల్లగా లీకై గాలి లోపలికి వస్తుంటే ఏ సంచి నిండుతోందో తెలిసేలోపు పైకప్పుకి తగులుతారు. తప్పదంటే ఆ గొట్టం తగిలించకుండా పక్కన పెట్టుకోండి, కావలసినప్పుడు కలపడం సాధన చెయ్యండి. లిఫ్ట్ బ్యాగ్‌కి చేతులు కావాలి, పైకప్పు కింద దాన్ని అదుపు చెయ్యడం కష్టం, గైడ్‌లైన్‌కి చుట్టుకుంటే ఇంకా ప్రమాదం. సీసం వదిలేద్దామనుకుంటే పైకప్పుకి అతుక్కుపోతారు.

డ్రైసూట్ ఉంటే దాని గొట్టం ఎడమ వాల్వ్ నుంచి, వింగ్‌ది కుడి వాల్వ్ నుంచి తీసుకోండి. ఒకటి మూసేసినా రెండోది ఉంటుంది. నేను చల్లటి నీళ్లలో అలాగే వెళ్తాను. వెచ్చటి నీళ్లలో వెట్‌సూట్ అయితే స్టీల్ మానేసి, నీళ్లలో తక్కువ బరువుండే అల్యూమినియం సిలిండర్లే. అద్దె సామాను తెస్తే గొట్టం బిగింపుని చేత్తో తిప్పి చూడకుండా నీళ్లలోకి దిగను.