వారంలో చెబుతామన్నారు, నెల కావస్తోంది

ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి, రెండేళ్లుగా శ్రీకాకుళంలో నీటి నమూనాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో పనిచేస్తున్నాను. పైడిభీమవరం పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. ముప్పావుగంట సేపు, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గురించి అడిగి, జీతం ఎంత ఆశిస్తున్నారో, ఎప్పటికి చేరగలరో కూడా అడిగి, వారంలో కబురు చేస్తామన్నారు. ఇప్పటికి ఇరవయ్యారు రోజులు గడిచాయి. ఫోన్ చేస్తే చులకనైపోతానేమోనని భయంగా ఉంది. మా చిన్నాన్న, తనకు తెలిసిన నాయకుడి చేత చెప్పిస్తానంటున్నారు. ఈలోగా రాజాం దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల వారు లెక్చరరుగా రమ్మని, వచ్చే శనివారంలోగా ఏ సంగతీ తేల్చమని, వచ్చేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి అప్పగించమని అన్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఎచ్చెర్ల మండలం

జవాబు: అమ్మా, నేను విజయనగరం జిల్లాలో ఒక కర్మాగారపు సిబ్బంది విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు కూర్చున్న బల్లకు అవతలి వైపున కూర్చున్న అనుభవంతో ముందుగా ఒక మాట చెబుతాను. ‘వారంలో చెబుతాం’ అనే మాట చాలా చోట్ల గడువు కాదు, మర్యాదకు అనే మాట. ఆ మాట అన్న అధికారి చేతిలో సాధారణంగా నిర్ణయం ఉండదు. మిమ్మల్ని పరీక్షించిన విభాగాధిపతి తన అభిప్రాయం రాసి ఇవ్వాలి, సిబ్బంది విభాగం జీతం లెక్క కట్టాలి, ఆ జీతానికి ప్రధాన కార్యాలయం ఒప్పుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్క సంతకం ఆగినా మీ కాగితం అక్కడే ఆగుతుంది. మందుల కర్మాగారాల్లో దీనికి తోడు తనిఖీల బెడద ఒకటి ఉంటుంది. విదేశీ ఔషధ నియంత్రణ సంస్థల వారో, మందులు కొనే కంపెనీల వారో తనిఖీకి వస్తున్నారంటే, ఆ పదిహేను రోజులూ క్వాలిటీ విభాగంలో ఎవరికీ మరో ధ్యాస ఉండదు.

ఇంకొక కారణం ఉంది, దాన్ని అభ్యర్థులకు ఎవరూ చెప్పరు. ఒక ఖాళీకి ఇద్దరిని మెచ్చుకున్నప్పుడు మొదటివారికి ఆఫర్ పంపి, రెండోవారికి ఏమీ చెప్పకుండా ఉంచుతారు. ఆ మొదటి వ్యక్తి జీతం దగ్గర బేరమాడవచ్చు, పాత కంపెనీ వారు జీతం పెంచితే అక్కడే ఉండిపోవచ్చు, అతని నోటీసు కాలం మూడు నెలలని తెలిసి వీరే వెనక్కి తగ్గవచ్చు. అతని సంగతి తేలేదాకా రెండోవారిని వద్దనరు, రమ్మనరు. ఇది న్యాయమని నేను అనను. మా కార్యాలయంలోనూ ఇలాగే చేసేవాళ్లం, దానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుపడుతుంటాను. కాబట్టి ఇరవయ్యారు రోజుల మౌనాన్ని బట్టి ఉద్యోగం రాలేదని తేల్చుకోనక్కరలేదు. జీతమెంత, ఎప్పుడు చేరతారు అని అడిగారు గనుక వచ్చేసినట్టేనని కూడా అనుకోవద్దు, ఎందుకంటే ఆ రెండు ప్రశ్నలూ వచ్చిన అందరినీ అడుగుతారు.

అవతలివారిని తప్పుపట్టే ముందు మన వైపు ఒకసారి చూసుకోవాలి. మీ దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేనా? మెయిల్‌లో స్పామ్ అరను కూడా తెరిచి చూశారా? కర్మాగారాల నుంచి చేసే కాల్స్ తరచు ల్యాండ్‌లైన్ నంబర్ల నుంచి వస్తాయి, తెలియని నంబరని మనం ఎత్తం, ఫోనే వాటిని అడ్డుకునేలా పెట్టుకున్నవారూ ఉన్నారు. ఒకసారి మేము ఎంతో ఇష్టపడి ఎంచుకున్న ఒక కుర్రవాడు దరఖాస్తులో తన బావగారి నంబరు రాశాడు. మూడు రోజులు చేసినా ఆయన ఎత్తలేదు, నాలుగో రోజున రెండో అభ్యర్థికి కబురు వెళ్లింది. ఆ కుర్రవాడు రెండు నెలల తరువాత మా గేటు దగ్గరకు వచ్చి అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇక ఫోన్ చేస్తే చులకనవుతామా అన్న సందేహం. అడగడం చులకన కాదు, రోజు విడిచి రోజు అడగడం విసుగు పుట్టిస్తుంది. చెప్పిన గడువు దాటిన మూడు నాలుగు పనిదినాలకు ఒక మెయిల్ రాయడం ఎక్కడైనా మర్యాదే. మీరు ఇప్పటికే ఆలస్యం చేశారు కాబట్టి ఈ రోజే రాయండి. విషయం అన్న చోట మీ పేరు, ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉంటే చాలు, వాళ్లకు వెతుక్కునే పని తప్పుతుంది. లోపల నాలుగే వాక్యాలు, తేలికైన ఇంగ్లీషులో: ఫలానా తేదీన ఇంటర్వ్యూకు వచ్చాను, ఆ ఉద్యోగంలో చేరాలనే ఆసక్తి అలాగే ఉంది, ఎంపికైతే ఇన్ని రోజుల్లో చేరగలను, నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందో దయచేసి చెప్పగలరు. ఇంటి పరిస్థితులు, నాన్నగారి ఆరోగ్యం, అప్పుల సంగతి అందులో రాయవద్దు. జాలితో ఉద్యోగం ఇచ్చే అధికారం ఆ మెయిల్ చదివే గుమాస్తాకు లేదు.

మామూలుగా అయితే మెయిలు రాశాక వారం ఆగి ఫోన్ చేయమంటాను. మీకు శనివారం గడువు ఉంది కనుక రెండు రోజులు ఆగితే చాలు. వేళ మాత్రం చూసుకోండి. పొద్దున్నే షిఫ్టు హాజరుతో, బస్సు రాలేదన్న ఫిర్యాదులతో ఆ విభాగం సంతలా ఉంటుంది. నెల మొదటి వారం జీతాల లెక్కలు, ఆపైన పదిహేనో తేదీలోగా ఉద్యోగుల భవిష్యనిధి (పీఎఫ్) సొమ్ము జమ చేసే హడావిడి. పదిహేను దాటాక, పదకొండు గంటలకో మధ్యాహ్నం మూడింటికో చేసిన ఫోనుకు స్థిమితంగా జవాబు దొరుకుతుంది. మీ శనివారం నెల మొదట్లో పడితే తేదీ సంగతి వదిలేసి, ఆ వేళలు మాత్రం పాటించండి.

మీ చిన్నాన్నగారి ప్రేమను కాదనను, కానీ ఆ నాయకుడి చేత మాత్రం చెప్పించవద్దు. పై నుంచి ఫోను వచ్చిన అభ్యర్థి పేరు పక్కన మేము పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకునేవాళ్లం, ఆ గుర్తు మేలు చేసిన సందర్భాలకంటే కీడు చేసినవే ఎక్కువ. అక్కడే పనిచేసే తెలిసినవారు ఎవరైనా ఉంటే, ఆ ఖాళీ ఇంకా ఉందా, భర్తీ అయిందా అన్న ఒక్క ముక్క కనుక్కోమనండి. అంతకుమించి వారిని ఇబ్బంది పెట్టకూడదు.

కళాశాల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. కర్మాగారానికి రాసే మెయిల్లోనే, నాకు మరొక చోట అవకాశం వచ్చింది, శనివారంలోగా జవాబు ఇవ్వాలి, ఆలోగా మీ నిర్ణయం తెలిస్తే నాకు మేలు అని ఒక వాక్యం చేర్చండి. ఇది నిజం కాబట్టే రాయమంటున్నాను. లేని ఆఫర్‌ను ఉన్నట్టు రాస్తే, సరే అక్కడికే వెళ్లండి అని వాళ్లు అంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. శనివారం దాకా ఏ జవాబూ రాకపోతే, కళాశాల వారు జీతం, సెలవులు, నోటీసు కాలం కాగితం మీద రాసి ఇస్తే ఒప్పుకోండి. రాసి ఇవ్వకపోతే ఇప్పుడున్న ల్యాబులోనే కొనసాగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ కారణంతోనూ అక్కడ వదిలి రావద్దు. చూపించండి, నకళ్లు ఇవ్వండి, తిరిగి తెచ్చుకోండి. రేపు కర్మాగారం వారు పిలిచి సర్టిఫికెట్లు సరిచూడాలంటే, అవి ఎవరి బీరువాలోనో ఉంటే మీ చేతిలో ఏముంటుంది?

ల్యాబు యజమానికి ఇప్పుడే చెప్పనక్కరలేదు, రాజీనామా అసలే వద్దు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా ఇచ్చి, ఇంటర్వ్యూ చేసినాయన ఫోన్లో ‘మీరు ఎంపికైనట్టే’ అన్న మాట పట్టుకుని నెలల తరబడి ఖాళీగా కూర్చున్నవారిని చూశాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం అయిదో సెక్షను ప్రకారం, మన అంగీకారం తెలపడం పూర్తయ్యేదాకా ఆఫర్‌ను వెనక్కి తీసుకునే హక్కు ఇచ్చినవారికి ఉంటుంది. అందుచేత ఆఫర్ లెటర్ వస్తే పూర్తిగా చదివి, సమ్మతమైతే అదే రోజు ‘అంగీకరిస్తున్నాను’ అని రాతపూర్వకంగా తెలపండి. వైద్య పరీక్షకూ సర్టిఫికెట్ల తనిఖీకీ లోబడి అన్న షరతు అందులో ఉంటే, అవి ముగిశాకే పాత చోట రాజీనామా ఇవ్వండి. కర్మాగారం వారికి చేరే తేదీ చెప్పేటప్పుడు ఈ రోజులన్నీ కలుపుకునే చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయికి వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. వారం తరువాత వాట్సాప్‌లో ఎంపికైనట్టు లేఖ పంపి, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్‌గా 18,500 రూపాయలు కడితే చేరే తేదీ ఇస్తామంటున్నారు. రేపే కట్టాలట. కట్టమంటారా?
— ఒక తండ్రి, విజయనగరం

జవాబు: కట్టవద్దు. జీతం ఇచ్చే కంపెనీ జీతం తీసుకునేవాడి దగ్గర డిపాజిట్ అడగదు. ‘రేపే’ అన్న తొందరే దీనిలోని మోసాన్ని చెబుతోంది. ఆ కంపెనీ పేరు నిజమైనదే అయినా, దాని అసలు వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. వాళ్లు పంపిన లేఖలోని నంబరుకు చేస్తే వాళ్లే ఎత్తుతారు. ఇప్పటికే కొంత పంపి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. సొమ్ము మరో ఖాతాకు మళ్లకముందే చెబితే బ్యాంకులు దాన్ని నిలపగలిగే అవకాశం ఉంటుంది. మీ అబ్బాయి ఆధార్ ఫొటో కూడా పంపి ఉంటే, ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది, అది కూడా చేయించండి.

ప్రశ్న: జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఒప్పంద ఉద్యోగానికి మౌఖిక పరీక్ష జరిగి అయిదు నెలలైంది. జాబితాలో నా పేరు ఉందని అక్కడి ఉద్యోగి ఒకరు చెప్పారు. నియామకపత్రం మాత్రం రాలేదు. పేరు ఉంటే ఉద్యోగం ఇవ్వాల్సిందే కదా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇవ్వాల్సిందేనని చట్టం చెప్పదు. ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం పొందే తిరుగులేని హక్కు రాదని, అయితే ప్రభుత్వం సరైన కారణం లేకుండా తనకు తోచినట్టు ఖాళీలను నింపకుండా వదిలేయడానికీ వీల్లేదని సుప్రీంకోర్టు 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో చెప్పింది. ప్రైవేటు కంపెనీని అడగలేని ప్రశ్నలు మీరు ఆ కార్యాలయాన్ని అడగవచ్చు, అదే మీకున్న వెసులుబాటు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ కార్యాలయపు పౌర సమాచార అధికారికి దరఖాస్తు రాసి, మీకు వచ్చిన మార్కులు, ఎంపిక జాబితా నకలు, ఎన్ని ఖాళీలు నింపారు, జాబితా ఎప్పటిదాకా చెల్లుతుంది అని విడివిడిగా అడగండి. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడిగితే జవాబు రాదు, కాగితాలు అడిగితే వస్తాయి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే మరో ముప్పై రోజుల్లోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయవచ్చు. దరఖాస్తును చేతికిస్తే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి, పోస్టులో పంపితే రిజిస్టరు చేయించి రసీదు దాచుకోండి, ఎందుకంటే ఆ ముప్పై రోజులు దరఖాస్తు వారికి అందిన తేదీ నుంచే లెక్కకు వస్తాయి.