పేజీకి గంట పడితే చదువు పాడైనట్టా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవుల్లో కథా రచన శిబిరానికి వెళ్లి వచ్చినప్పటి నుంచి కథల పుస్తకం పట్టుకుంటే ఒక్క పేజీ దగ్గరే గంట కూర్చుంటోంది. పెన్సిల్‌తో గీతలు గీస్తూ నోటు పుస్తకం నింపేస్తోంది. ఇంజనీరింగ్ వద్దు, బెంగళూరులో క్రియేటివ్ రైటింగ్ డిగ్రీ చేస్తానని పట్టుబడుతోంది. పరీక్షలయ్యే దాకా ఆ నోటు పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. అందులోని రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను. రెండు చదువుల్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు ఆ బీరువా తాళం తీసి నోటు పుస్తకం అమ్మాయి చేతికివ్వండి. మిగతా సంగతులు ఆ తర్వాత.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకరి బిడ్డకు సంగీతం, ఇంకొకరి బిడ్డకు బొమ్మలు, మీ అమ్మాయికి కథలు. పైకి అడిగేది ఏ కోర్సు మేలని. లోపల ఉన్న దిగులు ఒకటే, రేపు పిల్ల ఎలా బతుకుతుందని. ఆ దిగులును నేను తప్పుపట్టను. కానీ చదువు పాడవుతోందని మీరు భయపడుతున్న చోటే అమ్మాయి చదవడం నేర్చుకుంటోంది.

మొదటి పేజీ చూడండి. (ఈ మాటలు అచ్చు వేయవచ్చా అని మీతోనే అమ్మాయిని అడిగించాను, ఒప్పుకుంది. అసలు ఫొటో తీసే ముందే మీరు అడగవలసింది.) ఏదో కథలోని పేరా ఒకటి దించుకుని, దాని కింద ఇలా రాసుకుంది: 'అమ్మ ఏడ్చిందని ఎక్కడా లేదు. పాలు పొంగిపోతున్నా లేవలేదని మాత్రమే ఉంది. మరి నాకెందుకు ఏడుపొచ్చింది?' కథ చదివి కళ్లు తుడుచుకునేవాళ్లు చాలామంది. ఏ వాక్యం దగ్గర గొంతు పట్టేసిందో వెనక్కి వెళ్లి వెతికేవాళ్లు తక్కువ. ఆ వెతుకులాటకే పేజీకి గంట పడుతోంది.

రెండో పేజీ సొంత కథ. 'మా తాతయ్యకు నేనంటే చాలా ఇష్టం' అన్న మొదటి వాక్యాన్ని కొట్టేసింది. దాని పైన, 'మిర్చి యార్డు నుంచి వచ్చాక మూడుసార్లు చేతులు కడుక్కుంటే తప్ప తాతయ్య నన్ను ఎత్తుకునేవాడు కాదు' అని రాసింది. పసిపిల్ల కళ్లకు మిరప ఘాటు తగులుతుందేమోనని ఆ పెద్దాయన భయం. ఇష్టం అన్న మాట పోయింది, ఇష్టం అలాగే ఉంది. శిబిరంలో ఈ సూత్రం ఎవరో చెప్పే ఉంటారు. చేతులు కడుక్కోవడం గుర్తుకు తెచ్చుకున్నది మాత్రం మీ అమ్మాయే. మీరు ఈ పేజీలను ఫొటో తీశారు గానీ, చదివినట్టు లేరు.

ఇలా చదవడానికి గురజాడ 'దిద్దుబాటు' కూడా ఇవ్వండి. 1910లో వచ్చిన కథ. రాత్రి పొద్దుపోయాక ఇంటికొచ్చిన భర్త తలుపు కొట్టడంతో మొదలవుతుంది. ఆయన ఎలాంటివాడో ముందుగా చెప్పరు. అమ్మాయి ఆ తలుపు దగ్గర ఎంతసేపు ఆగుతుందో చూడండి.

ఇక అమ్మాయి కోరుతున్న డిగ్రీ. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. క్రియేటివ్ రైటింగ్ అన్న పేరు ఇప్పుడు బాగా చెల్లుబాటవుతోంది, ఫీజులూ అలాగే ఉంటున్నాయి. ఆ కోర్సుల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులోనే నడుస్తాయి. మీ అమ్మాయి తాతయ్య తెలుగులో చేతులు కడుక్కుంటున్నాడు. లక్షల అప్పుతో బయటికొచ్చిన పిల్ల కిస్తీ కట్టడానికి దొరికిన పని పట్టుకుంటుంది, కథ వెనకబడుతుంది. పైగా ఈ డిగ్రీవాళ్లకు మొదటి మెట్టుగా ఉన్న ప్రకటనల రాతలు, వెబ్‌సైట్ల రాతలు ఇప్పుడు చాలావరకు కంప్యూటరే రాసిపెడుతోంది. అయినా వెళ్తానంటే ఆ కాలేజీవాళ్లను ఒక్కటి అడగమనండి: విద్యార్థి వారానికి ఎన్ని పేజీలు రాస్తాడు, వాటిని కూర్చుని దిద్దేది ఎవరు? సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.

ఇది మీకు అనుకూలమైన తీర్పు అనుకోవద్దు. ఇంజనీరింగ్ సీటు వస్తే ఉద్యోగం వచ్చినట్టే అన్న రోజులు పోయాయి. మనసు లేని పిల్లను నాలుగేళ్లు కూర్చోబెడితే బ్యాక్‌లాగులు మిగులుతాయి, మీ మీద కోపం మిగులుతుంది. లెక్కలంటే ఇష్టమేనా అని ఒక్కసారి అడిగారా? మీ ఉత్తరంలో ఆ ముక్కే లేదు.

ఇష్టమే అంటే ఇంజనీరింగో బీఎస్సీయో చదవనివ్వండి. కథకు అది అడ్డు కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు లెక్కల ఉపాధ్యాయుడు, రావిశాస్త్రి వకీలు. కాదంటే బీఏలో తెలుగు గానీ ఇంగ్లిషు గానీ తీసుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఎంఏ తెలుగు ఉంది. ఆ దారిలో బోధన, అనువాదం, పత్రికలు, పాఠ్యపుస్తకాల పని, సీరియళ్ల రచన ఉన్నాయి. మొదట్లో జీతం తక్కువే, నిజం. ఆకలితో పడుకునే పరిస్థితి మాత్రం కాదు. ఒక్క వాక్యం కోసం గంట కూర్చోగలిగిన పిల్ల ఏ పనిలో పెట్టినా నిలబడుతుంది. ఈ మాట ధైర్యం చెప్పడానికి అనడం లేదు. అలాంటి పిల్లలను చూసే అంటున్నాను.

జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం ఉంటుంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయని మానకుండా ఒక్క పూట అమ్మాయిని తీసుకెళ్లండి. ఏం కొనాలో చెప్పకండి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తాతయ్య కథ ఎంతవరకు వచ్చిందని అడగండి. ఆయన మీ నాన్నగారే అయితే, ఆ చేతుల సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది.