ఓటు వేశాక మళ్లీ ఐదేళ్ల దాకా ఎంపీని లెక్క అడిగే దారి మామూలు జనానికి ఉందా?

దేశ రాజకీయాలు చూస్తుంటే కడుపు మండుతోందనీ, ఐదేళ్లకోసారి ఓటు వేయడం తప్ప మనలాంటి వాళ్లం చేయగలిగింది ఏముందనీ అడిగారు. ఉందండీ. చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఢిల్లీలో జరిగే ప్రతిదాని మీదా ఆవేశపడితే ఏదీ తేలదు. మన ఎంపీ పేరు మీద మన ఊళ్లో జరిగిన ఒక్క పనిని పట్టుకుని, కాగితం మీద అడిగితే తేలుతుంది. అక్కడ మొదలుపెట్టిన వాళ్లకి పార్లమెంటు సంగతులు అడగడం కూడా మెల్లిగా అలవాటవుతుంది.

మాది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను, ఆ మనుషుల మధ్యే ఇంకా బతకాలి. బోరు నీళ్లు తాగీ తాగీ కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లు, పళ్ల మీద గోధుమ రంగు చారలున్న పిల్లలు మాకు ప్రతి వీధిలో కనిపిస్తారు. కొన్నేళ్ల కిందట ఎంపీ నిధులతో నీటి శుద్ధి ప్లాంటు మంజూరైంది. షెడ్డు కట్టారు, స్టీలు ట్యాంకు బిగించారు, గోడకి శిలాఫలకం పెట్టారు. ఎంపీ గారొచ్చి రిబ్బను కత్తిరించారు. ఆ రోజు జనరేటరు తెచ్చి మిషను తిప్పారు. మర్నాడు జనరేటరు వెళ్లిపోయింది, ప్లాంటు ఆగిపోయింది. కరెంటు మీటరు లేదు. మా ఆడవాళ్లు మళ్లీ పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చే టిన్ను నీళ్లే కొనుక్కున్నారు. కూలికి వెళ్లొచ్చిన డబ్బులోంచి రోజూ నీళ్లకి తీయడం ఎంత బరువో అనుభవించే వాళ్లకే తెలుసు.

సర్పంచిని అడిగితే ఇంజినీర్లని అడగమన్నారు. ఇంజినీర్లని అడిగితే పంచాయతీకి అప్పగించేశాం అన్నారు. ఎంపీ గారి ఆఫీసుకు వెళ్తే, "మేం నిధులిచ్చాం, పని అధికారులది" అని మర్యాదగానే చెప్పి పంపించారు. నోటితో అడిగినంత కాలం ఇంతే.

అప్పుడు ఆ పథకం నిబంధనలు తెచ్చుకుని చదివాం. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబరులో మొదలైంది. ఒక్కో ఎంపీ ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫార్సు చేయొచ్చు. లోక్‌సభ సభ్యుడికి ఐదేళ్లలో 25 కోట్లు. డబ్బు ఆయన చేతికి రాదు. మంజూరు చేసేది, పని చేయించేది జిల్లా యంత్రాంగం. మన దగ్గర ఆ ఫైళ్లు ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో ఉంటాయి, అందరూ సీపీవో ఆఫీసు అంటారు. కాబట్టి ఎంపీ ఆఫీసు వాళ్లు చెప్పిన మాటలో సగం నిజమే. కానీ ఏ పని కావాలి, ఏ ఊళ్లో కావాలి అని ఎంచుకున్నది ఆయన, శిలాఫలకం మీద పేరు ఆయనది. ఎంచుకున్న పని పూర్తయిందో లేదో కనుక్కోవాల్సిన బాధ్యత కూడా ఆయనదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నిబంధనల్లోనే మాకు పనికొచ్చే మాట ఇంకొకటి దొరికింది. కట్టిన ఆస్తిని తర్వాత ఎవరు నడుపుతారు, నిర్వహణ ఎవరు చూస్తారు అన్న హామీని పని మంజూరు చేయకముందే తీసుకోవాలట.

అసలు ఎంపీలకు ఈ నిధులు ఉండకూడదనే వాదన కూడా ఉంది. వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం వీటిని రద్దు చేయమని సిఫార్సు చేసింది. నాకూ అదే సరైనదనిపిస్తుంది. చట్టాలు చేయాల్సిన మనిషికి షెడ్ల ప్రారంభోత్సవాలతో పనేమిటి? అయినా పథకం ఉన్నన్నాళ్లూ లెక్క అడగాల్సిందే.

సమాచార హక్కు చట్టం కింద సీపీవో ఆఫీసుకు దరఖాస్తు పెట్టాం. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాశాం, చట్టం ఒప్పుకుంటుంది. మన తెలుగు రాష్ట్రాల్లో జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. ఆ సమాచారం మీకెందుకు అని అడిగే అధికారం ఎవరికీ లేదు, 6(2) సెక్షన్ చూసుకోండి. ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. "ప్లాంటు ఎందుకు నడవడం లేదు?" అని రాస్తే జవాబు రాదు. ఆ చట్టం కింద మనకు దొరికేది ఆఫీసులో ఉన్న రికార్డు. అందుకని కాగితాల పేర్లు చెప్పి అడిగాం: ఎంపీ సిఫార్సు లేఖ, మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు ఇంజినీరు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు, యూటిలైజేషన్ సర్టిఫికెట్ (నిధులు ఆ పనికే ఖర్చయ్యాయనే ధ్రువపత్రం), పంచాయతీకి అప్పగించిన పత్రం, నిర్వహణ హామీ పత్రం. అన్నిటికీ నకళ్లు.

30 రోజుల గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేశాం. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలని 7(6) సెక్షన్ చెబుతుంది, ఆ సంగతీ అందులో రాశాం. రెండో అప్పీలు వేసి సమాచార కమిషన్‌కు వెళ్తే ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా సంబంధిత అధికారికి జరిమానా పడొచ్చు. అంత దూరం వెళ్లాల్సిన అవసరం రాలేదు. అప్పీలు తర్వాత కాగితాల కట్ట పోస్టులో వచ్చింది.

ఎస్టిమేటులో కరెంటు కనెక్షన్‌కు, మీటరుకు విడిగా డబ్బు చూపించి ఉంది. ఎం-బుక్‌లో ఆ పని అయిపోయినట్టు రాసి సంతకం పెట్టారు. బిల్లు కూడా చెల్లించేశారు. అప్పగింత పత్రంలో "ప్లాంటు పనిచేయు స్థితిలో ఉన్నది" అని ఒక వాక్యం, కింద పంచాయతీ ముద్ర. తేదీ చూస్తే ప్రారంభోత్సవానికి ముందు రోజుది. నిర్వహణ హామీ పత్రం దగ్గర మాత్రం "రికార్డులో లభ్యం కాలేదు" అని రాసిచ్చారు. ఇన్నాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ వచ్చిన వాళ్లందరి సంతకాలూ ఆ కట్టలోనే ఉన్నాయి.

వాటిని గ్రామసభలో చదివాం. ఉపాధి హామీ పనులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు తెచ్చి ఊరి ముందు పేరు పేరునా చదవడం, "నేను ఆ పనికి వెళ్లలేదు" అని జనం లేచి చెప్పడం మా వాళ్లకి అలవాటే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994లో జన్ సున్వాయీ (ప్రజా విచారణ) పేరుతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1996లో వాళ్లు బ్యావర్‌లో చేసిన ధర్నా, ఆ తర్వాతి పోరాటాల నుంచే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. చేసింది కూలీలు, చిన్న రైతులు. అందుకే చదువుకున్న వాళ్లు "మన వల్ల ఏమవుతుంది" అంటే నాకు బాధేస్తుంది.

మా సభలో ఎం-బుక్ పేజీ చదివాక మా వీధి పెద్దావిడ ఒకామె లేచి, "మీటరు బిగించామని రాసుకున్నారు గదా నాయనా, మరి మీటరేదీ? చూపించు" అంది. ఇంజినీరు దగ్గర జవాబు లేదు. ఆ మాటని అలాగే తీర్మానంలో రాయించి, నకలు కలెక్టరుకీ ఎంపీకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఆ వేసవి ముగిసేలోపు మీటరొచ్చింది. ఇప్పుడు ప్లాంటు నడుస్తోంది. టిన్నుకు కొద్దిగా డబ్బు తీసుకుని ఆ సొమ్ముతోనే నీటిని వడగట్టే మెంబ్రేన్లు మారుస్తున్నారు. చేయని పనికి కొలత రాసిన వాళ్ల మీద మాత్రం ఇప్పటికీ చర్య లేదు. దాని మీద ఫిర్యాదు నడుస్తోంది, వదిలేది లేదు.

ఇక పార్లమెంటు సంగతి. మీ ఎంపీ హాజరు, అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన చర్చలు సంసద్ వెబ్‌సైటులో ఉంటాయి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, కాబట్టి మీ ఎంపీ మంత్రి అయితే ఆ లెక్క చూడకండి. "ఫలానా బిల్లుకు మా ఎంపీ ఎటు ఓటేశారు?" అని చాలామంది అడుగుతుంటారు. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే అవును, కాదు అని నోటితో చెప్పే ఓటుతోనే పాసవుతాయి, ఎవరు ఎటన్నది ఎక్కడా నమోదు కాదు. సభ్యులు పట్టుబట్టి డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు జరిపిస్తేనే పేర్లు తెలుస్తాయి. పైగా 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్‌ను (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) కాదని ఓటేస్తే పదవే పోవచ్చు. ఓటు గురించి నిలదీస్తే "పార్టీ విప్ ఇచ్చింది" అని తప్పించుకోగలరు. ప్రశ్నలు అడగడానికి ఏ విప్పూ అడ్డు రాదు. లోక్‌సభలో రోజుకు నోటి జవాబుకు 20 ప్రశ్నలు, రాతపూర్వక జవాబుకు 230 దాకా వస్తాయి. అందులో మన జిల్లా బాధ ఒక్కటి కూడా లేకపోతే ఎంపీని తప్పకుండా నిలదీయొచ్చు.

మేం ఫ్లోరైడ్ మీద అడగాల్సిన ప్రశ్నను మేమే తయారుచేసి సమావేశాలకు చాలా ముందే పంపాం, ఎందుకంటే ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తర్వాతి సమావేశాల్లో ఆయన పేరుతో ఆ విషయం మీద రాతపూర్వక ప్రశ్న ఒకటి కనిపించింది. మా ఉత్తరం వల్లేనని చెప్పలేను గానీ, మంత్రి ఇచ్చిన ఆ జవాబు ప్రింటు తీసి మండలాఫీసుకు పట్టుకెళ్తే మాతో మాట్లాడే తీరే మారింది.

ఎన్నికల ముందు చూడాల్సింది అఫిడవిట్, అంటే అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణ పత్రం. అభ్యర్థుల ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలు మన ముందుకు వచ్చాయంటే 2002, 2003లలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్లే. ఒకే నాయకుడి రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చూడండి. భూముల ధరలు పెరిగి కూడా ఆస్తి విలువ పెరుగుతుంది, కాబట్టి మొత్తం చూసి దొంగ అనేయకండి. కొత్తగా చేరిన ఆస్తులేమిటి, ఆదాయం చూపించినదానితో వాటిని కొనగలరా అన్నది చూడండి. కేసుల దగ్గరా అంతే. ధర్నాలో పెట్టిన కేసు వేరు, హత్యాయత్నం కేసు వేరు. నేరచరిత్ర ఉన్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీ బయటపెట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారణాలు చదివితే చాలాసార్లు "ప్రజాదరణ ఉంది" అన్న మాటే కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని ప్రచారానికి వచ్చిన వాళ్లని అడగండి.

మీ బాధంతా పార్టీల డబ్బు, అవినీతి లాంటి పెద్ద విషయాల మీదైతే, అక్కడా పౌరులు గెలిచిన సందర్భాలున్నాయి. ఎవరిచ్చారో బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల మీద 2017లో మొదలైన పిటిషన్లకు 2024 ఫిబ్రవరి 15న తీర్పొచ్చింది. ఐదుగురు జడ్జీలూ ఒకే మాటగా ఆ పథకాన్ని కొట్టేశారు. మార్చిలో ఎవరు కొన్నారో, ఏ పార్టీ తీసుకుందో దేశమంతా చూసింది. ఆలస్యం అయిన మాట నిజం. ఈలోపు ఎన్నికలు జరిగిపోయాయి. పార్టీలేమో ఇప్పటికీ సమాచార హక్కు కింద జవాబివ్వడం లేదు. అప్పటి ఆరు జాతీయ పార్టీలూ ఆ చట్టం కిందికి వస్తాయని 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పినా పాటించలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

చివరిగా భయం గురించి. మా ఇంటికీ ఒకరొచ్చి, "మీకెందుకండీ ఇవన్నీ, పిల్లలున్నారు" అని చెప్పి వెళ్లారు. కొన్నాళ్లు రాత్రిళ్లు టెన్షన్‌గానే ఉండేది. సమాచారం అడిగినందుకు దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఈ దేశంలో ఉన్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పను. మా విషయంలో పనికొచ్చింది ఏమిటంటే, ఒక్కరి మీదే ఆధారపడకపోవడం. నలుగురైదుగురం ఎవరికి వాళ్లం అవే కాగితాలకు దరఖాస్తు పెట్టాం. టిన్ను నీళ్లు కొనే ఆడవాళ్ల సంతకాలతో కలెక్టరుకు వినతిపత్రం వేరే ఇచ్చాం. వచ్చిన కట్టను అదే రోజు అందరి ఫోన్లలో ఫోటోలు తీసి పెట్టుకున్నాం. ఒకసారి కాగితం ఊరంతటి చేతుల్లోకి వెళ్లాక ఒక్క మనిషిని బెదిరించి ప్రయోజనం లేదు. ఏ పార్టీ జెండా కిందా కూర్చోలేదు, అది కూడా ముఖ్యం.

ముందు మీ జిల్లా సీపీవో ఆఫీసు నుంచి ఈ ఐదేళ్లలో మీ ఎంపీ సిఫార్సు చేసిన పనుల జాబితా, మంజూరైన మొత్తం, పూర్తయిన తేదీలతో సహా అడిగి తెచ్చుకోండి. అందులోంచి మీరు నడిచి వెళ్లి చూడగలిగే పని ఒకటి తీసుకోండి. తాగునీరో, బడి గదో అయితే మంచిది, జనం వెంట వస్తారు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, మేం పెట్టినదాన్ని పేర్లు తీసేసి పూర్తిగా రాసి పెడతాను.